ఇంకో రెండు పేజీలు

“మరి నువ్వెక్కడున్నావు?” అని అడిగారు మామయ్య.

అడిగింది నన్ను కాదు, అత్తయ్యని.

హాల్లో నేలంతా మిరపకాయలు. నిన్న సాయంత్రం కల్లంలో వానకి తడిసిన కాయల్లో మోయగలిగినంత ఇంటికి మోసుకొచ్చి, సోఫాలు గోడకి నెట్టి, చాపల మీద పరిచాం. అప్పట్నుంచీ ప్రతి గదిలో ఫ్యాను తిరుగుతూనే ఉంది. ఆ ఘాటుకి ఎవరు నోరు తెరిచినా మధ్యలో దగ్గొస్తోంది. కోపంగా మొదలైన మాట తుమ్ముతో ముగుస్తోంది. ఇంకో రోజైతే నవ్వాపుకోలేక వంటింట్లోకి పారిపోయేదాన్ని.

అత్తయ్య కింద కూర్చుని కాయల్ని తిరగేస్తోంది. తల ఎత్తలేదు.

“నిన్నేనే జ్యోతీ. మబ్బు పట్టేటప్పటికి నువ్వెక్కడున్నావు?”

“ఇంట్లో,” అంది అత్తయ్య.

నా చేతిలో కాఫీ గ్లాసుంది. పెళ్లికి మా పిన్ని ఇచ్చింది. అంచు కింద చుక్కలు చుక్కలుగా శ్రీరమ్య, నాగేంద్రబాబు అని మా పేర్లు కొట్టించి ఉంటాయి. రోజూ పొద్దున్నే ఆ రెండు పేర్లూ పక్కపక్కన చూసుకుని మురిసిపోవడం నాకో పని. ఇవాళ ఆ గ్లాసు ఎక్కడ పెట్టాలో తెలియక చేత్తోనే పట్టుకుని నిలబడ్డాను.

“ఇంట్లో ఏం చేస్తున్నావు?”

“తలనొప్పిగా ఉంటే వచ్చి పడుకున్నా. అమ్మాయి ఉందిగా అక్కడ, చూసుకుంటదిలే అనుకున్నా.”

అమ్మాయంటే నేను.

నిన్న మధ్యాహ్నం అత్తయ్య ఇంట్లో లేదు. మామయ్యా మా ఆయనా గుంటూరు మిర్చి యార్డుకి వెళ్లారు. అత్తయ్య కల్లంలో, నాకు బారెడు దూరంలో, కాయలు ఏరే ఆడవాళ్ల మధ్య కూర్చుని, నేను చదివే కథ వింటోంది. “అత్తయ్యా, మబ్బు పడుతోంది, కాయల మీద పట్టాలు కప్పుదామా” అని నేనడిగితే, “ఇంకో రెండు పేజీలు చదువు. ఆ పిల్ల రైలెక్కనీ” అన్నది తనే.

ఆ మాట ఇంకా నా చెవిలోనే ఉంది. అన్న మనిషి మాత్రం కాయలు తిరగేస్తోంది.

మామయ్య నా వైపు తిరిగారు. ఆయన అరవరు. అరిస్తే బాగుండేది.

“అమ్మా, కల్లంలో కాయ ఏరేవాళ్లు ఎటు తిరిగి కూర్చుంటారు?”

“ఎండ వీపున పడేట్టు, మామయ్యా.”

“మరి మధ్యాహ్నం పూట వాళ్లకి పడమర కనపడిద్దా?”

“కనపడదు.”

“నువ్వెటు తిరిగి కూర్చున్నావు?”

“వాళ్లకెదురుగా.”

“అంటే పడమరకి. అంతమందిలో ఆకాశం కనపడేది నీకొక్కదానికే.” ఆయన కండువాతో ముక్కు తుడుచుకున్నారు. “మీ అత్తయ్యైతే చూడకపోయినా ఆమెకి తెలిసిపోద్ది. గాలి మారితే చాలు. ఆమె లేచి కొంగు బిగించి పట్టా అందుకుందంటే, ఈ చుట్టుపక్కల కల్లాలన్నీ కప్పేస్తారు. ఆమె లేవకపోతే ఎవరూ లేవరు. నిన్న అట్టానే జరిగింది. మన కాయే కాదు, అందరిదీ తడిసింది.”

అత్తయ్య చెయ్యి ఒక్క క్షణం ఆగింది. మళ్లీ కదిలింది.

మామయ్య టీవీ పక్కనున్న పుస్తకం తీశారు. గులాబీ రంగు అట్ట. దాని మీద జడ గాల్లోకి లేచిన ఒక పిల్ల బొమ్మ.

“ఏంది ఇది?”

“నవల మామయ్యా. కుందన అని ఒకమ్మాయి కథ.”

“ఏం చదువుద్ది ఆ అమ్మాయి?”

“పదో తరగతి.”

“నువ్వేం చదివావు?”

“ఎమ్మెస్సీ.”

ఆయన పుస్తకాన్ని ఉన్నచోటే పెట్టేశారు, వేడి గిన్నె దించినట్టు.

“పదో తరగతి పిల్ల కథకి ఎమ్మెస్సీ చదివినామె కాయంతా తడిపింది. ఒరేయ్ బాబూ, రేపు పొద్దున అమ్మాయిని గుంటూరు బస్సెక్కించు. ఈ పనులయ్యేదాకా వాళ్ల నాన్నగారింట్లో ఉండి చదువుకుంటది. అక్కడైతే మబ్బుతో పని లేదు.”

మా ఆయన గడప దగ్గర నిలబడి వాళ్లమ్మ వంక చూశాడు. నేనూ చూశాను.

అత్తయ్య తెల్లబారిన తాలు కాయ ఒకటి ఏరి పక్కన పడేసింది.

*

మా గదిలో మంచం మీద కూడా కాయలే. కూర్చునే చోటు లేక ఇద్దరం కిటికీకి ఆనుకుని నిలబడ్డాం.

నలుగురిలో నేనాయన్ని మీరు అంటాను. తలుపు దగ్గరికేస్తే చాలు, నువ్వు అంటాను. ఆ తలుపు చప్పుడంటే నాకెంత ఇష్టమో చెప్తే ఎవరైనా నవ్వుతారు. ఇవాళ ఆయనే వేశాడు.

“సారీ చెప్పెయ్ రమ్యా. నాన్న మెత్తబడతాడు. బస్సూ లేదు, ఏం లేదు.”

“దేనికి సారీ?”

“మబ్బు చూళ్లేదుగా.”

“చూశాను.”

“చూసి?”

నేను చెప్పలేదు. నోటి దాకా వచ్చింది. పెళ్లయి నిండా ఒక పంట కాలం కాలేదు. ఒక కొడుకుతో మీ అమ్మ అబద్ధమాడింది అని మొదటిసారి అనడం ఎలాగో నాకు తెలియదు. ఒకసారి అన్నాక ఆ మాట ఈ ఇంట్లోంచి ఎప్పటికీ బయటికి పోదని మాత్రం తెలుసు.

ఆయనకి చిరాకేసింది. “అసలు నీకెందుకే ఆ పుస్తకాలు? పదిహేనేళ్ల పిల్ల స్కూలెగ్గొడితే మనకేంటి, ఇంట్లో చెప్పకుండా సముద్రం చూడ్డానికెళ్తే మనకేంటి? ఆ వయసు దాటేశాంగా.”

“కొనిచ్చింది నువ్వే.”

“నేను కొనిచ్చింది నీ మొహం చూసి.”

నిజమే. బ్రాడీపేటలో, కోచింగ్ సెంటరు పిల్లలు బారులు తీరి నిలబడే ఆ పుస్తకాల కొట్లో, నేను గులాబీ అట్ట పుస్తకం పట్టుకుని వదలకపోతే కొట్టాయన “పాపకాండీ?” అని అడిగాడు. “అవునండీ, పాపకే” అన్నాడు మా ఆయన, నా వంక చూడకుండా. తిరిగొచ్చేటప్పుడు స్కూటరు మీద దారి పొడుగునా నన్ను పాపా అనే పిలిచాడు. పాపా, బజ్జీ తింటావా. పాపా, గట్టిగా పట్టుకో.

అది గుర్తొచ్చి ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది. ఒకేసారి ఆగిపోయింది.

“ఆ పుస్తకం మొదటిసారి చదివినప్పుడు అన్నం తింటూ ఏడ్చావు,” అన్నాడు నెమ్మదిగా. “నాకు భయమేసింది.”

“ఎందుకు?”

“మళ్లీ చిన్నపిల్లవైపోయి వెళ్లిపోవాలనుందేమో, ఇక్కడ నీకు బాగోలేదేమో అనుకున్నా.”

ఈ సంగతి ఇన్నాళ్లూ నాకు చెప్పలేదు. నాకు కళ్లు మండాయి. కాయల ఘాటు అనుకోమన్నట్టు తల తిప్పాను.

“వెనక్కెళ్లాలని కాదు. ఆ కథల్లో ప్రతిదీ మొదటిసారి. మొదటిసారి ఒంటరిగా రోడ్డు దాటడం, మొదటిసారి స్నేహితురాలితో మాటలు మానేయడం. చిన్న విషయానికే గుండె దడదడలాడుద్ది. ఇక్కడికొచ్చాక నాకూ అంతే కదా. మొదటిసారి పట్టా ముడి వేశాను. మొదటిసారి మీ నాన్నగారు కాఫీ బాగుందన్నారు. ఆ రోజంతా నాకు ఆకలెయ్యలేదు. ఆ కుందనకీ నాకూ తేడా ఏముంది? పెద్దవాళ్ల నవలల్లో అందరూ అలిసిపోయి ఉంటారు. నేనింకా అలిసిపోలేదు.”

ఆయన నా నుదుటి మీద అంటుకున్న మిరప గింజని వేలితో తీశాడు. తీసి, దాన్నే చూస్తూ అడిగాడు.

“నిజం చెప్పు. నిన్న అమ్మ ఇంట్లోనే ఉందా?”

నేను నోరు తెరిచేలోపే తనే తల అడ్డంగా ఊపుకున్నాడు.

“ఛ, నేనూ పిచ్చివాడిలా అడుగుతున్నా. అమ్మ అబద్ధం చెప్పదు.”

తలుపు తీసి వెళ్లిపోయాడు.

*

పెరట్లో బట్టలారేస్తుంటే దడి అవతల జయకుమారి కనిపించింది. మా కల్లంలో కాయలేరే ముఠాకి పెద్ద. తలకి తువ్వాలు చుట్టుకుని, లోపలికి రానా వద్దా అన్నట్టు నిలబడింది.

“సాయంత్రం వస్తామని చెప్పండి సారుకి. తడిసిన కాయ ఆగదు, నల్లబడిపోద్ది. కోపంగా ఉన్నాడని మానుకుంటే మాకూ పని పోద్ది.”

“చెప్తానక్కా.”

ఆవిడ వంటింటి కిటికీ వైపు చూసి గొంతు తగ్గించింది. “జ్యోతమ్మ ఇంటికాడున్నానని చెప్పిందంటగా.”

ఈ ఊళ్లో మాట మనిషి కంటే ముందు నడుస్తుంది.

“మేం ఇంతమందిమి అక్కడున్నాం. నా పక్కనే కూర్చుంది. నా తాంబాళంలో కాయలు కూడా తనే ఏరింది, కథ వింటా వింటా. నేను చెప్పనా సారుకి?”

“వద్దు.”

“ఎందుకొద్దు?”

“మీరు చెప్తే ఆవిడ మొహం ఎక్కడ పెట్టుకుంటారు?”

“మీరెక్కడ పెట్టుకుంటారు? బస్సు కిటికీలోనా?”

తడి చీర అంచు పట్టుకుని దులిపాను, గట్టిగా, రెండుసార్లు.

జయకుమారి తలకి చుట్టుకున్న తువ్వాలు సరిచేసుకుంది. “ఆవిడ నోటితో ఆవిడే చెప్పాల్లే,” అని రెండడుగులేసి, మళ్లీ వెనక్కొచ్చింది. ఈసారి గొంతు మరీ తగ్గింది.

“ఇంతకీ ఆ పిల్ల రైలెక్కిందా?”

“అక్కా.”

“రాత్రంతా అదే గోల మా పేటలో. ఎక్కుద్దని కొందరు, వాళ్ల నాయన వచ్చి పట్టుకుపోతాడని కొందరు. మా దేవకుమారికి మనవళ్లున్నారు. ఆమె ఏమందో తెలుసా? ఎక్కకపోతే నేనే దాన్ని రైల్లోకి తోస్తా అంది.”

“ఇప్పుడే చెప్పేస్తే వినేటప్పుడు ఏం బాగుంటుంది?”

“మీరు బస్సెక్కితే వినిపించేదెవరు?” అంది జయకుమారి, దడి మీద చెయ్యేసి. ఆ మాటలో వేళాకోళం లేదు.

*

వంటింట్లో అత్తయ్య గోంగూర తుంచుతోంది. నేను బియ్యం కడుగుతున్నాను. కొళాయి కట్టేస్తే ఫ్యాన్ల చప్పుడు తప్ప ఏమీ లేదు.

రోజూ ఈ వేళకి మా ఇద్దరి నోళ్లూ ఆగవు. నిన్నటి పేజీల గురించే. కుందన వాళ్ల లెక్కల మాస్టారు మంచివాడా కాదా అని ఒకరోజు పప్పు మాడ్చుకున్నాం. మా అమ్మతో కూడా నేనంత మాట్లాడలేదు. అత్తగారింట్లో ఇంత సుఖం ఉంటుందని ఎవరూ చెప్పలేదే అనుకునేదాన్ని.

ఇవాళ ఆకు తుంచిన చప్పుడు కూడా వినపడుతోంది.

చాలాసేపటికి అత్తయ్య అడిగింది, ఆకుల వంకే చూస్తూ.

“ఎక్కిందా?”

“ఏంటండీ?”

“ఆ పిల్ల. రైలు.”

నా చేతిలో గిన్నె గట్టు మీద గట్టిగానే పడింది. బియ్యపు నీళ్లు చిందాయి.

“మీరు ఇంట్లో పడుకున్నారుగా అత్తయ్యా. రైలు సంగతి మీకెలా తెలిసింది?”

అత్తయ్యకి ఎదురు చెప్పడం ఇదే మొదలు. మొదటిసారి చేసేవన్నీ బాగుంటాయని పొద్దున్న గదిలో అన్నాను. ఇది బాగోలేదు.

అత్తయ్య దగ్గింది. కొంగుతో నోరు మూసుకుని, దగ్గు తగ్గేదాకా ఆగింది.

“నువ్వు నాలుగు రోజులెళ్తావు, వస్తావు. కొత్త కోడలు, దానికేం తెలుసులే అని ఊరు నవ్వి ఊరుకుంటది. నేను చేశానంటే? రేపట్నుంచి నేను పట్టా అందుకుంటే ఎవరన్నా లేస్తారా?”

“అందుకని నా మీద పెట్టారా?”

“ఆ. అందుకనే.”

కాదంటుందనుకున్నాను. బతిమాలుతుందనుకున్నాను. ఇలా ఒప్పేసుకుంటే నా కోపం ఎక్కడ నిలబడాలో తెలియలేదు.

“నాతోనైనా ముందు ఒక మాట చెప్పాల్సింది.”

“చెప్పొచ్చు. భయమేసింది.” ఆవిడ గోంగూర కాడల్ని ఒక పక్కకి చేర్చింది. “మీ మామయ్య అట్టా అడగంగానే నోట్లోంచి వచ్చేసింది. వచ్చాక మళ్లీ లోపలికి ఎట్టా తీసుకోవాలో తెలీలా. చిన్నపిల్లలు ఆడతారే, అట్టాంటి అబద్ధం.”

“ఆ పిల్ల రైలెక్కిందో లేదో నేను చెప్పను,” అన్నాను. నా గొంతు నాకే పరాయిదిలా వినిపించింది.

“చెప్పొద్దు. నువ్వు చెప్తే నాకు తెలిసిపోద్దిగా.”

“తెలుసుకోవాలనేగా అడిగారు?”

“అడిగా. అడిగినాక భయమేసింది, ఎక్కడ చెప్పేస్తావోనని.” ఆవిడ కొంచెం నవ్వబోయింది, రాలేదు. “టీవీలో సీరియల్ చూస్తామా. ఎవరు ఎవరి పాలల్లో ఏం కలుపుతారో ముందే తెలుసు. మనూళ్లో ఎవరింట్లో ఏం జరిగిద్దో ముందే తెలుసు. పొద్దున లేస్తే పొద్దుగూకేదాకా నేనేం చేస్తానో నాకే కాదు, ఊరందరికీ తెలుసు. గాలి మారితే తెలుసు. కాయ ఎన్నాళ్లకి ఎండిద్దో తెలుసు. నాకు తెలియందంటూ ఏముంది రమ్యా? ఆ పిల్లకి ఏమీ తెలీదు. రైలు ముందు నిలబడి ఉంది, ఎక్కుద్దో ఎక్కదో దానికే తెలీదు. ఆ తెలియకపోవడం ఎంత బాగుందో. నేను దాని వయసులో ఈ ఇంటికొచ్చా. వచ్చిన రోజు నుంచి అన్నీ తెలిసినదానిలాగే ఉండాల్సొచ్చింది. వింటుంటే, కాసేపు నాకూ ఏమీ తెలియనట్టుండిద్ది.”

ఈవిణ్ని చూస్తే నాకు జాలేస్తోంది, ఈవిడ వల్లే నా పెట్టె మంచం కింద నుంచి బయటికొస్తోంది. రెండూ ఒకేసారి ఎలా పట్టుకోవాలో ఏ పుస్తకంలోనూ చదవలేదు.

బయట మోటారుసైకిలు ఆగింది. “అన్నాయ్,” అని కేక.

అత్తయ్య గోంగూర చేత్తో పట్టుకునే లేచింది. “యలమంద,” అంది.

*

యలమంద బాబాయిది మా పక్క కల్లం. హాల్లోకి వచ్చి, కాయల మధ్య దారి చూసుకుంటూ, గోడవారగా నెట్టిన సోఫా అంచున కూర్చున్నాడు. అరచేతులు ఎర్రగా పండిపోయి ఉన్నాయి. ఆయన కూడా తడి కాయ తిరగేసే వచ్చినట్టున్నాడు.

మామయ్య కుర్చీలో. మా ఆయన తలుపు దగ్గర. నేను మంచినీళ్లు ఇచ్చి వంటింటి గుమ్మంలో ఆగాను. నా వెనక అత్తయ్య.

“మాది ఎక్కువే తడిసింది అన్నాయ్. పొద్దుట్నుంచి ఆరబోస్తూనే ఉన్నాం.” తలెత్తి అత్తయ్యని చూశాడు. “వదినా, నిన్నేమీ అనడానికి రాలా. నిన్న నేను మీ కల్లంలో పట్టాల వంకే చూస్తూ ఉన్నా. మబ్బు నాకూ కనపడింది. మీ పట్టాలు లేవలా. వదిన కప్పలేదంటే ఇది వచ్చే వాన కాదులే అనుకుని మా వాళ్లని కూర్చోబెట్టా. నువ్వు అక్కడ లేవని నాకేం తెలుసు?”

నా వెనక గోంగూర కాడ విరిగిన చప్పుడైంది.

“నువ్వుంటే ఇట్టా జరిగేది కాదు. ఊళ్లో అందరూ అదే అంటన్నారు.” తర్వాత నన్ను చూసి నవ్వాడు. నిజంగా మంచి నవ్వే. “నీదీ తప్పు కాదులే అమ్మాయ్. పట్నం పిల్లవి. మబ్బు చూసి దాచేపల్లి సిమెంటు ఫ్యాక్టరీ పొగ అనుకుని ఉంటావు.”

మా ఆయన నా వంక చూసి కళ్లతోనే బతిమాలాడు. చెప్పెయ్. ఇప్పుడే, ఒక్క మాట.

ఎంత తేలిక. ఒక్క మాట చెప్తే బాబాయ్ పర్లేదంటాడు, మామయ్య బస్సు మాట మర్చిపోతారు, ఆయన మొహంలో రంగు తిరిగొస్తుంది. ఇక నా జీవితమంతా ప్రతి వానకీ ఈ కథ చెప్పుకుంటారు. కొత్తలో మా కోడలు పుస్తకం చదువుతూ కాయంతా తడిపింది అని. నవ్వుతూనే చెప్పుకుంటారు. ఆ నవ్వులో అత్తయ్య కూడా ఉంటుంది. ఇక ఎప్పుడూ మేమిద్దరం పప్పు మాడ్చుకోం.

“బాబాయ్,” అన్నాను. “నన్ను క్షమించండి. నేను...”

“ఆగు,” అంది అత్తయ్య.

నన్ను పక్కకి జరిపి ముందుకొచ్చింది. చేతికి గోంగూర పసరు ఉంది. దాన్ని కొంగుకి తుడుచుకుంది.

“నేను కల్లంలోనే ఉన్నా యలమందా.”

బాబాయ్ తాగబోయిన నీళ్ల గ్లాసు కిందికి దించాడు.

“ఇంట్లో లేను. తలనొప్పీ లేదు. అమ్మాయి కప్పుదామా అని అడిగింది. నేనే ఉండమన్నా. ఇంకో రెండు పేజీలు చదవమన్నా.”

“అమ్మా,” అన్నాడు మా ఆయన. ఆ ఒక్క మాటలో ఆయన పొద్దున్న గదిలో అన్నదంతా కూలిపోయింది.

మామయ్య ఆవిడనే చూస్తున్నారు. కాసేపటికి అడిగారు, దారి చూపిస్తున్నట్టు. “కథలో పడి మబ్బు చూసుకోలేదు. అంతేగా?”

అవునంటే సరిపోయేది. అలా అనమనే ఆయన అడిగారు. నాక్కూడా అర్థమైంది.

“చూశా,” అంది అత్తయ్య.

“చూసి, రాదనుకున్నావు వదినా.” ఈసారి బాబాయ్. ఆయన గొంతులో బతిమాలడం ఉంది. “మేమందరం అట్టానే అనుకున్నాం.”

“వచ్చిద్దని తెలుసు. అమ్మాయి చెప్పకముందే తెలుసు. వీపు మీద గాలి మారింది.”

ఫ్యాన్లు తిరుగుతున్నాయి. ఎవరికీ దగ్గు కూడా రాలేదు.

ఇది నాకూ తెలియదు. వంటింట్లో కూడా ఆవిడ ఇది చెప్పలేదు. ఆకాశానికి ఎదురుగా కూర్చున్నది నేనొక్కదాన్నే అని, తప్పులో ఎంతో కొంత నాదేనని, లోపల్లోపల నేనూ నమ్ముతూనే ఉన్నాను.

“తెలిసి,” అన్నారు మామయ్య. “తెలిసి కూడా.”

“ఆ.”

“ఎందుకు?”

“ఆ పిల్ల రైలు ముందు నిలబడి ఉంది.”

“ఏ పిల్ల?” అన్నాడు యలమంద బాబాయ్, ఊళ్లో ఎవరి పిల్లో అనుకుని.

“పుస్తకంలో పిల్ల,” అన్నారు మామయ్య. “కాయితం పిల్ల.” ఆయన లేచి నిలబడ్డారు. “నేను ఇన్నేళ్లూ ఆకాశం చూడలేదే జ్యోతీ. నీ మొహం చూసేవాణ్ణి. ఊరంతా అంతే. నిన్న నువ్వు మా అందర్నీ వదిలేసి ఎవరి మొహం చూస్తా కూర్చున్నావు?”

అత్తయ్య కళ్లలో నీళ్లు తిరిగాయి. కిందికి జారలేదు.

“ఈ ఇంట్లో ఏం తక్కువైందని పదిహేనేళ్ల పిల్ల కథ పట్టుకున్నావు? నీకు కోడలొచ్చింది. రేపో మాపో మనవళ్లొస్తారు.”

“తక్కువని కాదు,” అంది అత్తయ్య. ఆపైన మాట రాలేదు. వంటింట్లో నాతో అంత చక్కగా చెప్పిన మనిషి ఇక్కడ, ఈ ఇద్దరు మగవాళ్ల ముందు, వెతుక్కుంటూ నిలబడింది. నా వంక చూసింది. నేను చెప్పొచ్చు. ఎమ్మెస్సీ చదివాను, మాటలొచ్చు. కానీ ఈ మాటలు నావి కావు.

మామయ్య టీవీ పక్క నుంచి పుస్తకం తీసి నాకందించారు.

“చదవమ్మా. నిన్న ఆపిన కాడ నుంచి చదువు. ఇంత కాయ కంటే గొప్పది ఏముందో నేనూ వింటా. యలమందా, నువ్వూ విను. నీ కాయ కూడా పోయిందిగా దీనికి.”

వెటకారమా, నిజంగా వింటారా, నాకు అంతుపట్టలేదు. పుస్తకం తెరిచాను. నిన్న రెండు చినుకులు పడి ఆ పేజీ ఉబ్బింది. గొంతు సవరించుకున్నాను.

“వద్దు,” అంది అత్తయ్య. “తగువు తీర్చుకోడానికి చదివించుకునేది కాదది.”

“మరి దేనికంట?”

అత్తయ్య నా చేతిలోంచి పుస్తకం తీసుకుంది. ఈ ఇంట్లో ఆవిడ చదవగా ఎవరూ వినలేదు. ఏడో తరగతితో ఆగిపోయింది కదా, నాకేం వచ్చని ఎప్పుడూ నన్నే చదవమనేది. కళ్లజోడు కోసం వెతకలేదు. పుస్తకాన్ని దూరంగా పట్టుకుని, కళ్లు చికిలించింది. వేలు అక్షరాల కింద పెట్టింది.

“కుం-ద-న ఒక కాలు...” ఆగి, ఊపిరి తీసుకుంది. “ఒక కాలు మెట్టు మీద పెట్టింది.”

మామయ్య కండువా భుజాన వేసుకున్నారు. వినలేనన్నట్టు కాయల మధ్య నుంచి గుమ్మం వైపు నడిచారు. మా ఆయన పక్కకి తప్పుకుని దారిచ్చాడు. యలమంద బాబాయ్ లేవాలా కూర్చోవాలా తెలియక అన్నని, వదినని మార్చి మార్చి చూశాడు.

అత్తయ్య తలెత్తలేదు. వేలు తర్వాతి వరసకి జరిపింది.

“రెండో కాలు ఇంకా ప్లాట్... ప్లాట్‌ఫారం మీదే ఉంది. గార్డు ఈల వేశాడు.”

గడప దాటబోయిన మామయ్య ఆగారు. ఇటు తిరగలేదు.

“ఊఁ,” అన్నారు, అటే చూస్తూ.